పున్నమి వెన్నెల ఎన్ని లక్స్?

ప్రశ్న: పున్నమి రాత్రి డాబా మీద పేపరు హెడ్డింగులు చదవగలిగాను. ఫోనులో, పడే వెలుగును లక్స్ అనే ప్రమాణంలో కొలిచే యాప్ మాత్రం సున్నా చూపించింది. ఇంట్లో వెన్నెలను కొలిచే దారి ఉందా?
- ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: మీ ఫోను పాడవలేదండి. అందులోని సెన్సారు తెర వెలుగును సర్దడానికి పెట్టింది. చాలా ఫోన్లలో అది ఒక లక్స్ లోపు వెలుగును పట్టుకోలేదు. పైకెక్కిన పున్నమి చంద్రుడు ఇచ్చేది సుమారు పావు లక్సే. దీనికి కొవ్వొత్తే సరైన కొలబద్ద: ఒక క్యాండెలా (సుమారు ఒక కొవ్వొత్తి వెలుగు) మంట 1 మీటరు దూరంలో 1 లక్స్, 2 మీటర్ల దూరంలో 0.25 లక్స్ ఇస్తుంది.

ముందు కొవ్వొత్తిని పళ్లెంతో సహా తూచి, గంట వెలిగించి మళ్లీ తూచండి. పాతకాలపు ప్రమాణ కొవ్వొత్తి గంటకు 7.8 గ్రాములు కాలేది. మీది ఆ దరిదాపుల్లో ఉంటే చాలు, దాని మంటను ఒక క్యాండెలా అనుకోవచ్చు. వత్తి పొడుగైతే మంట ఎగిరి లెక్క తప్పుతుంది, కత్తిరించండి.

అట్టకు తెల్ల డ్రాయింగు షీటు అంటించి, మధ్యలో 5 సెంటీమీటర్ల పెన్సిలు ముక్కను షీటుకు లంబంగా నిలబెట్టండి. రాత్రి తొమ్మిది దాటాక, కళ్లు చీకటికి అలవాటు పడేందుకు ఇరవై నిమిషాలు ఆగి, కొవ్వొత్తిని కాస్త పక్కగా పెట్టండి. రెండు నీడలు పడతాయి. వాటి పొడవు సమానమయ్యేలా అట్టను వంచండి; అప్పుడు రెండు వెలుగులూ ఒకే వాలున తగులుతున్నట్టు. వెన్నెల నీడలో కొవ్వొత్తి వెలుగు, కొవ్వొత్తి నీడలో వెన్నెల మాత్రమే ఉంటాయి. కాబట్టి రెండూ ఒకే చిక్కదనానికి వచ్చేదాకా కొవ్వొత్తిని జరిపి, మంట నుంచి షీటుకు టేపుతో కొలవండి. 1ని ఆ దూరం వర్గంతో భాగిస్తే లక్స్ వస్తుంది. 2.2 మీటర్లయితే 0.21.

చిక్కంతా రంగుతోనే. ఒక నీడ నారింజగా, రెండోది నీలంగా కనిపిస్తుంది. కళ్లు చికిలించి చూడండి. దగ్గర నుంచి ఒకసారి, దూరం నుంచి ఒకసారి జరిపి సగటు తీసుకోండి.

కడలి గాలికి మంట ఆగదు. మూడు వైపులా అట్టపెట్టె అడ్డం పెట్టి, లోపల నల్లకాగితం అంటించండి. తెల్లగా ఉంటే మంట వెలుగు పెరుగుతుంది. మూడో నీడ కనిపిస్తే వీధిదీపం పడుతోందని అర్థం, నీళ్లట్యాంకు చాటుకు జరగండి. ఆకాశమంతా పరుచుకున్న ఊరి వెలుగుతో భయం లేదు, అది రెండు నీడల్లోనూ సమానంగా కలుస్తుంది. సముద్రం మీద ఎర్రగా లేచే చంద్రుణ్ణి మాత్రం కొలవకండి. దట్టమైన గాలి పొర చాలా వెలుగును మింగేస్తుంది.

ప్రశ్న: అష్టమి నాడు వెలుగు సగం ఉంటుందా?
- అదే పాఠకుడు

జవాబు: ఉండదు, సుమారు పదో వంతే. పక్క నుంచి పడే ఎండలో చంద్రుడి గుంటలు, రాళ్లు తమ నీడలతో నేలను కప్పేస్తాయి. పున్నమికి ఆ నీడలు మన కంటికి దాక్కుంటాయి. అష్టమికి కొవ్వొత్తిని ఆరేడు మీటర్లు జరపాలి, పొడవాటి డాబా చూసుకోండి.