కోటిసార్లు తిప్పినా సున్నా సెకన్లేనా?

ప్రశ్న: సీ భాషలో పూర్ణాంకాన్ని అంకెల అక్షరాలుగా (స్ట్రింగ్‌గా) మార్చే ఫంక్షన్ సొంతంగా రాశాను. కోటిసార్లు తిప్పితే సున్నా సెకన్లు చూపిస్తోంది. ఇదే పని చేసే, సీలో ముందే ఉన్న ఎస్‌ప్రింట్ఎఫ్‌కి సెకను దాకా పడుతోంది. నా కోడ్ నిజంగా అంత స్పీడా?
– బీటెక్ విద్యార్థి, అమలాపురం

జవాబు: కాదండీ, అసలు పనే జరగలేదు. కోడ్‌ని వేగంగా నడిచేలా మార్చమని కంపైలర్‌కి చెప్పే ఓ2 ఆప్షన్ పెట్టి కంపైల్ చేసుంటారు. ఫలితాన్ని ఎక్కడా వాడలేదని చూసి కంపైలర్ లూపుని ఎత్తేసింది. ఫంక్షన్‌ని వేరే ఫైల్లో పెట్టి విడిగా కంపైల్ చేయండి. వచ్చిన అక్షరాల కోడ్ విలువలన్నీ ఒక మొత్తంలోకి కూడి, చివర్లో ఆ మొత్తాన్ని ప్రింట్ చేయండి. నిండు లారీని తూచాక ఖాళీ లారీని మళ్లీ కాటా ఎక్కిస్తారు కదా, అలాగే ఆ కూడిక లూపు ఒక్కదాన్నే విడిగా కొలిచి తీసేస్తే మీ ఫంక్షన్ వాటా సుమారుగా తెలుస్తుంది.

ఏ సంఖ్యలు ఇస్తున్నారు? నాకు దెబ్బ తగిలింది అక్కడే. రావులపాలెం దగ్గర ఒక రైస్ మిల్లుకి సార్వా తూకాలన్నీ ఫైల్లోకి ఎక్కించే ప్రోగ్రాం రాశాను. 00 నుంచి 99 దాకా 200 బైట్ల పట్టిక పెట్టి, ఒక్కో భాగహారానికి రెండేసి అంకెలు తీశాను. ర్యాండమ్ సంఖ్యలతో కొలిస్తే పరుగో పరుగు! మిల్లులో మాత్రం పాత కోడ్ కన్నా వెనకబడింది. 32 బిట్ల సంఖ్యల్ని ర్యాండమ్‌గా తీస్తే నూటికి 98 దాకా తొమ్మిదంకెలవో పదంకెలవో వస్తాయి. ధాన్యం బస్తా 75 కిలోలు, లారీ తూకం ఐదంకెలు. అంకెలెన్నో ముందే లెక్కపెట్టే నా కోడు ఆ పొట్టి సంఖ్యలకి బరువైపోయింది. అందుకే మీ అసలు డేటాని ముందే ఒక అర్రేలో వేసుకోండి. ఒకే సంఖ్యని తిప్పి తిప్పి ఇవ్వొద్దు, కోడ్‌లో షరతుల దగ్గర ఎటు మళ్లాలో ప్రాసెసర్ నేర్చేసుకుంటుంది.

టైముకి క్లాక్ గెట్‌టైమ్ ఫంక్షన్‌లో మోనోటోనిక్ (వెనక్కి తిరగని) గడియారం వాడండి. ఒక్కో పిలుపుకి పట్టేది కొన్ని నానోసెకన్లే, కాబట్టి లక్షల్లో తిప్పి కొలవాలి. మొదటి రౌండు వదిలేసి, ఇరవై ముప్ఫై రౌండ్లలో అన్నిటికన్నా తక్కువ వచ్చినది తీసుకోండి. మిగతా ప్రోగ్రాముల అడ్డంకులు టైముని పెంచుతాయే గానీ తగ్గించవు. కరెంటు పోయి లాప్‌టాప్ బ్యాటరీ మీదున్నప్పుడు మాత్రం కొలవకండి, ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది.

ఇవన్నీ చేసేముందు 0, మైనస్ 2147483648 ఇచ్చి, ఎస్‌ప్రింట్ఎఫ్ ఇచ్చినదే మీదీ ఇస్తోందో లేదో చూడండి. ఆ రెండోదాని గుర్తు మారిస్తే 32 బిట్ల ఇంట్‌లో పట్టదు. నేనూ మొదటిసారి అక్కడే తప్పాను.