మిర్చి కుప్పల పడ్డా కనవడే చాకు

ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల సగం చాకుల మీదనే. దసరా దగ్గరవడుతుంటే ఇంట్ల ఇనుప సామానంత బయటికొస్తది. కడిగి పసుపు కుంకుమ పెడుతరు. గప్పుడు యాదికొస్తది, ఇది మొద్దువడి ఎన్నేండ్లయిందో అని. సరే, అడిగిండ్రు గనుక చెప్త. కొత్తగ చదివేటోళ్లకు ఒక్క మాట: నేను 31 ఏండ్లు ఐటీఐల ఫిట్టర్ పిల్లలకు ఆకురాయి పట్టుడు నేర్పిన మనిషిని. ఇప్పుడు హన్మకొండల ఇంటి వెనక రేకుల షెడ్డు, అండ్ల ఒక బెంచి వైసు, నాలుగు సానరాళ్లు. గింతే నా ప్రయోగశాల.

*సార్, నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక మిర్చి అడ్తి దుకాణంల గుమస్తాను. 26 ఏండ్లు. బస్తా కుట్టు ఇప్పుడు, సుతిలి కోసుడు, పగటీలి జామకాయ కోసుకునుడు, దినాం ఏదో ఒకదానికి చాకు కావాలె. ఫోన్ల నల్లటి బ్లేడువి, మొన తిరిగినవి మస్తు స్టైల్‌గ కనవడుతున్నయి. రెండు వేల దాంక పెడుత. స్టైలూ ఉండాలె, తెల్లారేసరికి మొద్దూ కావద్దు. ఏది తీసుకోవాలె?*
– గుమస్తా, ఎనుమాముల

తమ్మీ, నువ్వు ఉత్తరంల జామకాయ మాట రాయకుంటే నాకు జవాబు కష్టమయ్యేది. నువ్వు ఫోన్ల చూసిన నల్ల చాకును జామకాయ మీద పెట్టి చూడు. కోయది, పలగ్గొడ్తది. ఎందుకంటే దాని వెన్ను మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటది. అంచు ఎంత పదునున్నా, వెనకొచ్చే ఆ మందం కాయను రెండు దిక్కులకు నెట్టుతది. మేకు కొట్టినట్టే. మంచి జేబు చాకు వెన్ను రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. రెండున్నర దాటితే నేనైతే చేతికి తీసుకోను. దుకాణపాయన బలం, బలం అంటడు. నువ్వు జేబు చాకుతోని గడ్డపార పని చేస్తవా ఏంది?

ఆ నల్లరంగు కూడా ముచ్చటనే. అంచు కాడ సానబట్టినంక ఎట్లాగూ తెల్ల ఉక్కే బయటపడుతది. మిగిలింది గోనెసంచి రాపిడికి ఆర్నెల్లల్ల గీతలు గీతలయితది. నల్లగున్నదాని కంటె, నల్లగుండి గీకినట్టున్నది అధ్వాన్నం.

ఇగ మొద్దువడుడు. నీ చాకును చంపేది సుతిలి కాదు, సుతిలికి అంటిన దుమ్ము. కళ్లంల నుంచి బండెక్కి యార్డుల దిగేసరికి గోనె నిండ సన్న ఇసుక. ఉక్కు ఎంత గట్టిదైనా ఇసుక దాని కంటె గట్టిది. గందుకని ‘ఎన్నడు మొద్దు కాని ఉక్కు’ కోసం దేవులాడకు. డీ2 అని ఒక ఉక్కు ఇప్పుడు మస్తు నడుస్తున్నది. అండ్ల కార్బన్ ఒకటిన్నర శాతం, క్రోమియం 12 శాతం ఉంటది. పదును చానా దినాలు నిలుపుతది, అబద్ధం కాదు. కని ఒక్కసారి మొద్దువడితే మీ ఇంట్ల ఉండే సానరాయి దాన్ని ఏం చెయ్యలేదు, గంటసేపు రాసినా నవ్వినట్టు చూస్తది. పైగా అది సగం స్టెయిన్‌లెస్సే, చెమట జేబుల మరకలొస్తయి. స్విట్జర్లాండోళ్ల విక్టోరినాక్స్ చాకు ఉక్కు గట్టితనం రాక్‌వెల్ లెక్కల 56 కాడ్నే ఆపుతరు. వాళ్లకు గట్టిగ చేసుడు రాక కాదు. ఎవరింట్ల వాళ్లు ఐదు నిమిషాలల్ల మళ్ల పదును పెట్టుకోవాలె అని. 1884 నుంచి చాకులు చేస్తున్నరు, సైనికాధికారుల చాకును 1897ల రిజిస్టరు చేయించిండ్రు. గా పేరు కూడా చూడు. ఎల్సెనర్ అని చాకులు చేసేటాయన, తన తల్లి విక్టోరియా పేరు పెట్టుకున్నడు. తుప్పు పట్టని ఉక్కొచ్చినంక 1921ల దానికి ‘ఇనాక్స్’ అంటించిండ్రు.

కని నీకు అది చెప్త లేను. 91 మిల్లీమీటర్ల పిడి ఉండే మామూలు విక్టోరినాక్స్ బ్లేడుకు లాక్ ఉండది, వెన్ను స్ప్రింగు మీదనే నిలవడుతది. కోసుడుకు బాగనే ఉంటది. పొడిచే పనికి పనికిరాదు. బస్తా కుట్టు కింద మొన దూర్చి పైకి లేపుడు అంటే సగం పొడుచుడే. నేను పడుచుతనంల గసువంటి చాకుతోనే నూనె డబ్బా మూత లేపబోయిన. ఫటక్కున మడతవడి చూపుడు వేలు మీదికొచ్చింది. మూడు కుట్లు. పిల్లలకు భద్రత పాఠం చెప్పే సారు వేలుకు కట్టుతోని క్లాసుకు పోతే ఎట్లుంటదో నువ్వే అనుకో.

నీకు ఫ్రాన్సు చాకు ఒపినెల్ ఎనిమిదో నంబరు, స్టెయిన్‌లెస్సుది. సవోయ్ కొండలల్ల జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890ల మొదలువెట్టిండు. కట్టె పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు. పిడి మెడకాడ ఒక ఉక్కు కడెం ఉంటది. బ్లేడు తీసి కడెం తిప్పితే ఇగ మడతవడది. 1955ల వచ్చిన ఉపాయం అది, ఇప్పటికీ అంతకన్న సులువైన లాకు నేను చూడలే. వెన్ను సన్నం. జామకాయ కాగితం తీరు ముక్కలయితది. రెండు లోపాలు చెప్త. తెరవనీకి రెండు చేతులు కావాలె. వానకాలంల కట్టె తడికి ఉబ్బి బ్లేడు బిగుసుకుంటది, గుంజంగ గుంజంగ గోరు నొస్తది. మిర్చి సీజను ఎండకాలపు ముచ్చటనే గదా, నీకు ఫికరు లేదు. కొనే ముందల బ్లేడు తెరిచి పక్కకు కదిలించి చూడు, ఊగితే తీసుకోకు. మూసినప్పుడు పిడి నడుమల నిలవడాలె, ఒక గోడకు రాసుకోవద్దు.

రంగు సంగతి వేరే చెప్త, ఇది ఎవ్వరు చెప్పరు. మా బామ్మర్ది మీ యార్డులనే చేసేటోడు. మోజు పడి ఎర్ర పిడి చాకు కొన్నడు, ఫారిన్‌ల మంచుల పడితే కనవడనీకి ఎరుపు పెడుతరని వాళ్లకు వీళ్లకు చెప్పుకుంట తిరిగిండు. ఒకనాడు తేజ మిర్చి కుప్పల జారవిడిసిండు. ఇగ చూసుకో! ఎరుపుల ఎరుపు. నలుగురు హమాలీలు తుమ్ముకుంట దేవులాడిండ్రు. మూడు దినాలకు గోనె అడుగునకెళ్లి దొరికింది. చపాటా మిర్చి అయితే లావు ఉంటది గనుక ఇంక లోపటికి జారేది. నీకు లేత కట్టె రంగే మంచిది. లేకుంటే పసుపు పిడి.

స్టైల్ గురించి అడిగినవు. మా తాత అంగడికి ఎడ్ల బేరానికి పోతే రుమాలు, ధోతి, జేబుల మడత చాకు. ఊరి కమ్మరి లారీ కమాన్ కట్ట కోసి చేసిచ్చిన చాకు, పిడి బర్రె కొమ్ము. బేరం నడుమల సీతాఫలమో దోసకాయో తీసి కోసేటోడు. దోసకాయ పొట్టు తెగకుంట ఒక్క తాడు తీరు దిగేది. అవతలోడు బేరం మర్శి అదే చూసేటోడు. మా తాత గప్పుడు రేటు చెప్పేటోడు.

చట్టం మాట కూడా అందరు అడుగుతరు. ఆయుధాల చట్టం 1959ది. దాని కింది నియమాలల్ల 9 అంగుళాల కంటె పొడుగు, లేకుంటే 2 అంగుళాల కంటె వెడల్పు బ్లేడున్న కత్తుల ముచ్చట ఉంటది. ఇంటిపనికి, ఎవుసానికి చేసినవి అండ్ల నుంచి తీసేసిండ్రు. నీ చాకు మూడున్నర అంగుళాలు కూడా లేదు. కని బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేది మాత్రం కొనకు. జాతరలకు, ఊరేగింపులకు, సభలకు ఏ చాకైనా జేబుల పెట్టుకొని పోకు. మేడారం పోతే ఇంట్ల పెట్టి పో. పోలీసాయన అడిగితే ‘బస్తాలు ఇప్పనీకి’ అనే జవాబు ఎనుమాములల నడుస్తది, గద్దెల కాడ నడవది.

*సార్, మా ఆయన పుట్టినరోజుకు ఆన్‌లైన్ల డమాస్కస్ చాకు తెప్పించిన. నీళ్ల అలల తీరు గీతలతోని మస్తుండె. నిమ్మకాయ కోసి తుడిస్తే గీతలు సగం పోయినయి. మోసపోయిన్నా?*
– ఒక టీచరమ్మ, మెట్‌పల్లి

పోయినవు చెల్లె, కని ఒక్కదానివే కాదు. నేను కూడా ఒకసారి కొన్న, నాది కాటన్ గుడ్డకే పోయింది. అది మామూలు స్టీలు మీద అచ్చు గుద్దుడు. ఇప్పుడు అసలు డమాస్కస్ అని అమ్మేది రెండు తీర్ల ఉక్కు పొరలు కాల్చి, అతికించి, మడిచి కొట్టింది. దాన్ని గరుకు కాయితంతోని రాస్తే గీతలు పోతయి, ఆమ్లంల ముంచితే మళ్ల వస్తయి. నీదాన్ని దేంట్ల ముంచినా రావు.

నాకు నవ్వొచ్చింది ఎందుకంటే, డమాస్కస్ పేరుతోని మెట్‌పల్లి ఆడబిడ్డ మోసపోవుడు! మీకు దగ్గర్లనే నిజామాబాద్ జిల్లాల కోనసముద్రం ఉన్నది. డమాస్కస్ కత్తులకు ఉక్కు గా ఊరి కొలుముల నుంచి కూడా పోయిందంటరు. 1820 ప్రాంతంల వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు, సర్వేల పనిచేసేటాయన, ఆ కొలుములు చూసి రాసిండు. పర్షియా నుంచి వర్తకులు అక్కడికొచ్చి దగ్గరుండి ఉక్కు తూకమేయించుకుంటుండ్రట. ఇనుమును మట్టి మూసలల్ల పెట్టి, నోరు మూసి, ఒక పగలు ఒక రాత్రి తిత్తులు ఊదేటోళ్లు. అటెన్క మెల్లగ చల్లారనిచ్చేటోళ్లు. ఒకటిన్నర శాతం చుట్టుపక్కల కార్బన్ ఎక్కిన గా ముద్దను సాగగొడుతుంటే నీళ్ల గీతలు వాటంతటవే పుట్టేటియి, ఎవ్వలు గియ్యలే. తెల్లోళ్లు దాన్ని ‘వూట్జ్’ అన్నరు. మన ‘ఉక్కు’ మాటనే వాళ్ల నోట్ల గట్ల అయిందంటరు. గిది పిల్లలకు క్లాసుల చెప్పు చెల్లె. చాకు సంగతంటవా, వాపసు తీసుకునే గడువుంటే పంపెయ్. లేకుంటే ఉల్లిగడ్డలకు పెట్టుకో.

*మా నాయన చాకు ఇనుప పెట్టెల దొరికింది. తుప్పు ఉన్నది. సైకిల్ మీద సానబట్టేటాయనకు ఇస్తే నిమిషంల తళతళ మెరిపించిండు, కని మొన కాడ నీలం రంగు వచ్చింది. అప్పటి సంది రెండు టమాటలు కోస్తే మొద్దు. ఏం జేయాలె?*
– రిటైర్డ్ గని కార్మికుడు, గోదావరిఖని

అన్నా, గా నీలం రంగే రోగం. ఉక్కును కాల్చి నీళ్లల్ల ముంచి గట్టిపరిచినంక, పెళుసు తగ్గనీకి కొంచెం వెచ్చ చేస్తరు. 220 డిగ్రీల కాడ ఎండుగడ్డి రంగు తేలుతది, చాకుకు గక్కడ్నే ఆపాలె. 300 దగ్గరవడితే నీలం. అంటే చక్రం మీద ఒత్తి పట్టుడుకు మొన అంత వేడెక్కింది, గట్టితనం పోయింది. రవ్వలు లేస్తుంటే మనకు చూడముచ్చట, చాకుకు కాటికి పోవుడు. ఆయనను తప్పు పట్టద్దు, పది రూపాయలకు నిమిషం కంటె ఎక్కువ ఎవలు పెడుతరు? నడుమనడుమ నీళ్లల్ల ముంచమని మనం చెప్పాలె.

నీలం వచ్చినకాడికి రాయి మీద చేత్తోని మెల్లగ అరగదీయుండి. నీలం మొన కాడ్నే ఉంటే రెండు మూడు మిల్లీమీటర్లు పోతది, లోపట మంచి ఉక్కు ఉంటది. తుప్పుకు కొబ్బరినూనె పూసి ఒక రాత్రి ఉంచి, సన్న ఎమరీ కాయితంతోని ఒక్క దిక్కే రుద్దుండి. తళతళ చేయకుండి. నల్లమచ్చలు ఉండనీయుండి, గవి మీ నాయన కోసిన మామిడికాయలవి. పులుపు తగిలితే పాత ఉక్కు నల్లబడుతది, ఆ నలుపే దాన్ని ఎర్ర తుప్పు నుంచి కొంత కాపాడుతది.

*మా పిల్లగాడు ఇంటర్. కాలేజీకి జేబుల చిన్న చాకు పెట్టుకపోత అంటున్నడు. ఆపిల్ కోసుకోనీకట.*
– ఒక తల్లి, పరకాల

ఆపిల్ కొరుక్కోని తినమను.

*పదును ఉన్నదో లేదో బొటనవేలు మీద చూసుకుంట. భయమైతది. వేరే తీరు ఉన్నదా? ఇంట్ల సానబట్టుకునుడు కూడా చెప్పుండి.*
– కిరాణ దుకాణదారు, జనగామ

బొటనవేలు దేవుడిచ్చింది తమ్మీ, పరీక్షకు కాదు. హార్డువేరు దుకాణంల రెండు దిక్కుల గరుకు వేరే వేరే ఉండే రాయి దొరుకుతది, అది చాలు. నీళ్లు చల్లు. బ్లేడును రాయి మీద పడుకోబెట్టు, వెన్నును ఒక పెన్సిల్ మందమంత లేపు. బ్లేడు వెడల్పు రెండు సెంటీమీటర్లుంటే గది సుమారు 20 డిగ్రీలు అయితది, జేబు చాకుకు సరిగ్గ గదే. గా కోణం మారకుంట, రాయి మీద పలచటి పొర తీసినట్టు ముందటికి నెట్టు. ఒక దిక్కు చేయంగ చేయంగ రెండో దిక్కుకు సన్న గరుకు లేస్తది, వెన్ను నుంచి అంచు దిక్కు వేలు జార్చితే తగుల్తది. మొదలు నుంచి మొన దాంక తగిలినంకనే రెండో దిక్కు తిప్పు. చానామంది ఇక్కడ్నే తొందరవడుతరు, పది సార్లు అటు, పది సార్లు ఇటు అని లెక్కవెడుతరు. లెక్క కాదు, గరుకు రావాలె. గదే పని సన్న దిక్కు మీద ఒత్తకుంట మళ్ల చేసి, పాత తోలు బెల్టు మీద వెనక్కి పది సార్లు గుంజు.

ఇగ పరీక్ష. ఒక కాయితం పై అంచు పట్టుకొని వేలాడదీసి, చాకును పక్కనుంచి కిందికి గుంజు. చప్పుడు లేకుంట దిగితే పదును వచ్చినట్టు. ఒకకాడ పట్టి చినిగితే అంచు మీద గక్కడ్నే సన్న పెచ్చు ఊడింది, మళ్ల గంత మేర రాయి మీద పెట్టు. ఈ పేజీ మాత్రం కోయకు, మా ఎడిటర్ సారుకు కోపమొస్తది. వెనక పేజీల నగల దుకాణం ప్రకటన ఉంటది సూడు, కాయితం కూడా దళసరిది.