ఇంట్లో చేయించుకునే ఆర్కేడ్, పిన్‌బాల్ పెట్టెలకు ఏ మానిటర్ తీసుకోవాలి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. చిన్నప్పుడు వీడియో గేమ్ పార్లర్లలో ఆడిన స్ట్రీట్ ఫైటర్, ప్యాక్‌మ్యాన్ వంటి ఆటలను పిల్లలతో కలిసి ఆడుకునేందుకు ప్లైవుడ్‌తో నిలువెత్తు ఆర్కేడ్ పెట్టె ఒకటి చేయించాలనుకుంటున్నాను. అందులోనే, వాలు బల్ల మీద దొర్లే బంతిని కిందికి జారిపోకుండా కొడుతూ ఆడే పిన్‌బాల్ కూడా ఉండాలని మా అబ్బాయి కోరిక. దుకాణంవారు 32 అంగుళాల టీవీ పెట్టమంటున్నారు, స్నేహితుడొకరు 27 అంగుళాల మానిటర్ చాలంటున్నారు. ఏది కొనాలి? వడ్రంగికి కొలతలు ఎప్పుడు ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ స్నేహితుడు చెప్పిందే సరైనది. టీవీలకు, మానిటర్లకు చెప్పే అంగుళాలు ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచినవి. పెట్టె కట్టేవారికి ఆ అంకెతో పెద్దగా పని ఉండదు. మీరు చూడవలసింది తెర పొట్టి అంచు కొలత. ఆర్కేడ్ పెట్టెలో బొమ్మ ఎంత పెద్దదిగా కనిపిస్తుందో నిర్ణయించేది అదే. పిన్‌బాల్ పెట్టెలో తెర రెండు పక్క చెక్కల మధ్య పడుతుందో లేదో తేల్చేది కూడా అదే.

1980లలోనూ 90ల తొలి సంవత్సరాలలోనూ వచ్చిన ఆర్కేడ్ ఆటలు దాదాపు అన్నీ 4:3 నిష్పత్తిలో ఉండే పిక్చర్ ట్యూబుల కోసం తయారైనవి. ఆనాటి యంత్రాలలో 19 అంగుళాల ట్యూబు సర్వసాధారణం. ఇప్పటి తెరలు చాలావరకు 16:9 నిష్పత్తిలో వెడల్పుగా ఉంటాయి కనుక పాత ఆట తెర ఎత్తునంతా వాడుకుని, రెండు పక్కలా నల్లటి ఖాళీ వదిలేస్తుంది. 24 అంగుళాల తెర ఎత్తు సుమారు 11.8 అంగుళాలు. అందులో 4:3 బొమ్మ మూల నుంచి మూలకు దాదాపు 19.6 అంగుళాలు వస్తుంది, అంటే అప్పటికే పాత యంత్రంతో సమానమైపోతుంది. 27 అంగుళాల తెర ఎత్తు 13.2 అంగుళాలు, అందులో వచ్చే బొమ్మ 22 అంగుళాలు. 32 అంగుళాల తెరలో 26 అంగుళాల బొమ్మ వస్తుంది కానీ, ఆ తెర వెడల్పే దాదాపు 28 అంగుళాలు. చుట్టూ ఉండే ఫ్రేము, రెండు వైపుల చెక్కల మందం కలుపుకుంటే పెట్టె రెండున్నర అడుగుల వెడల్పు దాకా వెళ్లి, ఆర్కేడ్ యంత్రంలా కాక బీరువాలా కనిపిస్తుంది. పైగా జాయ్‌స్టిక్ దగ్గర నిలబడిన మనిషికి, తెరకు మధ్య రెండడుగుల దూరమే ఉంటుంది కనుక బొమ్మ మరీ పెద్దదైతే మూలల్లో జరిగేది చూడడానికి తల తిప్పవలసి వస్తుంది. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడడానికి 27 అంగుళాల తెర ఇచ్చే వెడల్పు చక్కగా సరిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మీరు చెప్పిన రెండు ఆటలూ ఒకే వాటం తెర మీద ఆడేవి కావు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 అడ్డం తెర ఆట. 1980 నాటి ప్యాక్‌మ్యాన్, 1981 నాటి గలాగా, డాంకీ కాంగ్ నిలువు తెర ఆటలు, అంటే అసలు యంత్రాలలో ట్యూబును పక్కకు తిప్పి బిగించేవారు. 27 అంగుళాల తెరను అడ్డంగా బిగించి ప్యాక్‌మ్యాన్ ఆడితే బొమ్మ 13 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు మాత్రమే ఉండి, తెరలో సగానికి పైగా ఖాళీగా మిగులుతుంది. అందువల్ల కొనడానికి ముందు మీరు నిజంగా ఎక్కువసార్లు ఆడబోయే ఆటలు పది రాసుకోండి. వాటిలో నిలువు ఆటలే ఎక్కువైతే తెరను నిలువుగా బిగించేయండి. సగం సగం ఉంటే మాత్రం ఒకప్పుడు కార్యాలయాలలో కనిపించిన 19 అంగుళాల 5:4 మానిటర్ గానీ, 20 అంగుళాల 4:3 మానిటర్ గానీ వెతకమని గట్టిగా చెబుతాను. ఆ 19 అంగుళాల తెర వెడల్పు 14.8, ఎత్తు 11.9 అంగుళాలు కావడంతో ఏ వాటం ఆటైనా దాదాపు తెరనిండా వస్తుంది. ముఖ్యంగా తిప్పగల స్టాండు లేదా బ్రాకెట్ పెట్టుకుంటే చిన్నదైన ఈ తెరే నిలువు ఆటలలో అడ్డంగా బిగించిన 27 అంగుళాల తెరకంటే పెద్ద బొమ్మ చూపిస్తుంది. సికింద్రాబాద్‌లోని సీటీసీ వంటి కంప్యూటరు బజార్లలో సెకండ్‌హ్యాండ్ సరుకులో ఇవి దొరకవచ్చు.

ఖాళీ కనిపించకూడదని బొమ్మను తెరనిండా సాగదీయవద్దని కూడా మనవి. సాగదీస్తే ఆటలోని మల్లయోధులందరూ పొట్టిగా, లావుగా అయిపోతారు, గుండ్రటివన్నీ కోలగా కనిపిస్తాయి. నల్లటి ఖాళీ కంటికి ఇబ్బందైతే ఆ భాగాన్ని నల్లటి అట్టతో గానీ, ఆట బొమ్మలు అచ్చువేసిన షీటుతో గానీ కప్పండి. పాత యంత్రాలలోనూ ట్యూబు చుట్టూ అలాంటి అలంకారపు చట్రమే ఉండేది.

తెర సూక్ష్మత విషయంలో 4కె, అంటే 2160 గీతల తెర అవసరం లేదు, అయితే 1080 కంటే 1440 గీతల తెర మేలు. గీతలంటే తెర మీది చుక్కల అడ్డ వరుసలు. స్ట్రీట్ ఫైటర్ 2 బొమ్మ ఎత్తు 224 గీతలే. వాటిని పూర్ణ సంఖ్యతో హెచ్చిస్తేనే ప్రతి చుక్కా ఒకే పరిమాణంలో కనిపిస్తుంది. 1080 గీతల తెరలో నాలుగు రెట్లే పడతాయి, అంటే 896 గీతలు, మిగిలిన భాగం వృథా. 1440 తెరలో ఆరు రెట్లతో 1344 గీతలు నిండుతాయి. చవక రకం 32 అంగుళాల టీవీలలో చాలావాటికి 768 గీతలే ఉంటాయి కనుక దుకాణంవారి సలహాను పక్కన పెట్టడానికి ఇది మరో కారణం. టీవీలు బొమ్మను మెరుగుపరిచే ప్రయత్నంలో ఆలస్యంగా చూపించడం కూడా ఉంది. ఆ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ అనేది లేని టీవీ అయితే మీరు బటన్ నొక్కిన తరువాత దెబ్బ పడేసరికి తేడా చేతికి తెలుస్తుంది. సెకనుకు 60 చిత్రాలు చూపే తెరపై ఒక్కొక్క చిత్రం దాదాపు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. టీవీ అలాంటి చిత్రాలు మూడు నాలుగు వెనకబడితే పోరాట ఆటలో ఎదురుదెబ్బ కాచుకోవడం కష్టమవుతుంది. పాత ఆటలన్నీ సరిగ్గా 60 వేగంతో నడవవు కూడా. ప్యాక్‌మ్యాన్ సెకనుకు 60.6 చిత్రాలతో, 1992 నాటి మోర్టల్ కాంబాట్ సుమారు 54.7 చిత్రాలతో నడుస్తాయి. ఆట వేగాన్నిబట్టి తన వేగాన్ని మార్చుకునే ఫ్రీసింక్ వంటి సదుపాయం ఉన్న మానిటర్‌పై ఇవి కుదుపు లేకుండా కదులుతాయి.

తెర ప్యానెల్, ఎటు నుంచి చూసినా రంగులు పెద్దగా మారని ఐపీఎస్ రకం అయితే నిశ్చింతగా ఉండవచ్చు. టీఎన్ రకం తెరను కింద నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి, పై నుంచి చూస్తే వెలిసిపోతాయి. ఆర్కేడ్ పెట్టెలో తెర వెనక్కి వాలి ఉంటుంది, పైగా మీరు పై నుంచి, మీ పిల్లలు కింద నుంచి చూస్తారు. ఆ తెరనే నిలువుగా తిప్పితే లోపం కుడి ఎడమలకు మారి, పక్కన నిలబడిన రెండో ఆటగాడికి బొమ్మ సరిగా కనిపించదు. దుకాణంలో ముదురు బూడిదరంగు బొమ్మ పెట్టించి, నాలుగు వైపుల నుంచీ వాలుగా చూసి తీసుకోండి.

దుకాణంలోనే చేయవలసిన మరో పరీక్షను చాలామంది మరిచిపోతారు. మానిటర్ వెలుగుతుండగా ప్లగ్గు లాగించి, పది క్షణాలాగి మళ్లీ పెట్టించండి. బటన్ నొక్కకుండా దానంతట అదే వెలగాలి. పెట్టెలో బిగించాక మానిటర్ బటన్లు చెక్క వెనక్కి పోతాయి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వెనక తలుపు తెరిచి చేయి పెట్టవలసి వస్తే ఆడాలన్న ఉత్సాహమే పోతుంది. స్మార్ట్ టీవీలైతే వెలిగిన వెంటనే తమ సొంత మెనూ చూపకుండా, చివరిసారి వాడిన హెచ్‌డీఎంఐకే వెళ్లే ఏర్పాటు సెట్టింగులలో ఉందో లేదో చూసుకోవాలి.

వడ్రంగికి కొలతలు ఇవ్వవలసింది మానిటర్ ఇంటికి వచ్చిన తరువాతే. ఫ్రేముతో సహా టేపు పెట్టి కొలిచి, ఇరువైపులా పావు అంగుళం చొప్పున సందు, వెనక గాలి ఆడడానికి కింద, పైన రంధ్రాలు పెట్టించండి. మన ఎండాకాలంలో మూసిన ప్లైవుడ్ పెట్టెలో వేడి త్వరగా పేరుకుంటుంది. ఇక పిన్‌బాల్‌ను ఇదే పెట్టెలో కలపడం నాకు సమ్మతం కాదు. నిలబెట్టిన తెర మీద, జాయ్‌స్టిక్‌ల మధ్య ఆడే పిన్‌బాల్‌లో పిన్‌బాల్ సుఖం ఉండదు. ఎందుకో కింది జవాబులో చూడండి.

ప్రశ్న: నమస్తే. అసలు పిన్‌బాల్ యంత్రం పరిమాణంలోనే పెట్టె కట్టి, బంతి దొర్లే మైదానం స్థానంలో తెర పెట్టాలని ఉంది. ఇక్కడ 43 అంగుళాల టీవీలు చౌకగా దొరుకుతున్నాయి. అది సరిపోతుందా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: పెట్టె లోపలి వెడల్పు కొలవండి, జవాబు అక్కడే ఉంది. మామూలు పరిమాణపు పిన్‌బాల్ పెట్టె బయటి వెడల్పు 22 అంగుళాలు, లోపలి వెడల్పు సుమారు 20.5 అంగుళాలు, అందులో కూర్చునే అసలు మైదానం వెడల్పు 20.25 అంగుళాలు. 43 అంగుళాల టీవీ పొట్టి అంచు తెర వరకే 21.1 అంగుళాలు కనుక ఫ్రేము తీసేసినా అది లోపల పట్టదు. 40 అంగుళాల తెరకు పొట్టి అంచు 19.6 అంగుళాలు. దాని ఫ్రేము సన్ననిదైతే నేరుగానే పడుతుంది, లేకుంటే ప్లాస్టిక్ చట్రం ఊడదీయవలసి ఉంటుంది. ఆ పని చేస్తే వారంటీ పోతుంది, ప్యానెల్ అంచున ఉండే పల్చటి రిబ్బను కేబుళ్లు ఒక్క వంపుకే దెబ్బతింటాయి కనుక చేతి నేర్పు ఉన్నవారు కాకపోతే దీని జోలికి పోవద్దు. 43 అంగుళాల టీవీయే కావాలనుకుంటే దానికి తగినంత వెడల్పుగా పెట్టె కట్టుకోవడం మేలు. అసలు యంత్రాలలోనూ వైడ్‌బాడీ అనే వెడల్పాటి రకాలు ఉన్నాయి కనుక చూపుకు ఎబ్బెట్టుగా ఉండదు.

పిన్‌బాల్‌లో తెర పడుకుని ఉంటుంది, ఆటగాడు పొట్టి అంచు దగ్గర నిలబడి పొడవునా వాలుగా చూస్తాడు. ముందువైపున బంతిని కొట్టే ఫ్లిప్పర్లు, ఆ చివర బంతి. దృష్టికి దూరంగా ఉన్న ఆ చివర కూడా ముందువైపున్నంత కాంతితో కనిపించాలంటే ఐపీఎస్ ప్యానెల్ ఉండాలి. వీఏ అనే మరో రకం ప్యానెల్‌లో నలుపు చిక్కగా ఉన్నా, కొన్నిటిలో చీకటి మైదానంపై దూసుకుపోయే బంతి వెనక మసక చార పడుతుంది. వేగం విషయంలో పిన్‌బాల్‌కు ఆర్కేడ్‌కంటే ఎక్కువే కావాలి. బంతి క్షణం ఆగదు, ఫ్లిప్పర్ కొట్టే సమయం మీదే ఆటంతా ఆధారపడుతుంది. సెకనుకు 120 చిత్రాలు చూపే తెరను ఇక్కడ డబ్బు దండగ అనుకోను. అయితే 4కెలో ఆ వేగం రావాలంటే గ్రాఫిక్స్ కార్డు కూడా బలమైనది కావాలి, ఆ ఖర్చును ముందే లెక్కలో పెట్టుకోండి.

మైదానం వెనక నిలబడి ఉండే పెట్టెలోని రెండో తెర, అంటే అసలు యంత్రంలో బ్యాక్‌గ్లాస్ అనే అద్దం మీద ఉండే బొమ్మను చూపేది, పాత ఆఫీసు మానిటర్ అయినా చాలు. 1991 నుంచి వచ్చిన యంత్రాలలో కనిపించే 128 చుక్కల వెడల్పు, 32 చుక్కల ఎత్తు గల నారింజరంగు స్కోరు పలకకు ప్రత్యేకంగా చిన్న తెర పెట్టేవారూ ఉన్నారు. ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే ఓఎల్‌ఈడీ తెరను మాత్రం మైదానానికి వాడవద్దు. గంటల తరబడి కదలని బొమ్మ ఉండే చోట దాని అచ్చు శాశ్వతంగా పడిపోయే ప్రమాదం ఉంది. పడుకోబెట్టిన తెర వెనక వేడి నిలిచిపోతుంది కనుక పెట్టె అడుగున ఒకటి, వెనక ఒకటి 12 వోల్టుల ఫ్యాన్లు పెట్టండి.

ప్రశ్న: మా ఇంట్లో పాత 21 అంగుళాల పిక్చర్ ట్యూబు టీవీ పనిచేస్తూనే ఉంది. దానినే ఆర్కేడ్ పెట్టెలో పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పెట్టవచ్చు, బొమ్మ కూడా ఏ కొత్త తెరకూ రానంత ముచ్చటగా వస్తుంది, ఎందుకంటే ఆ ఆటలు గీసింది అలాంటి ట్యూబు కోసమే. కంప్యూటరు గ్రాఫిక్స్ కార్డు మామూలుగా 31 కిలోహెర్ట్జ్ సంకేతం పంపుతుంది, టీవీ 15 కిలోహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కనుక నేరుగా కలపలేరు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు 3, 4 బోర్డులలో ఉండే ఏవీ జాక్ నుంచి మూడు రంగుల కేబుల్‌తో టీవీకి కలపడం సులువైన దారి. ఆ టీవీ అమెరికా పద్ధతి అయిన 60 హెర్ట్జ్ ఎన్‌టీఎస్‌సీ సంకేతాన్ని రంగుల్లో చూపగలదో లేదో ముందు పరీక్షించండి.

టీవీని దాని ప్లాస్టిక్ డొక్కుతో సహా, గట్టి పలక మీద నిటారుగానే ఉంచండి. పక్కకు తిప్పితే తెర మూలల్లో రంగుల మరకలు పడవచ్చు, వేడి బయటికి పోయే దారీ మారిపోతుంది. స్థలం కలిసి వస్తుందని డొక్కు విప్పడం మాత్రం వద్దమ్మా. ట్యూబుకు వెళ్లే రబ్బరు మూత కింద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్చి కట్టి ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ఆ విద్యుత్తు చాలాసేపు నిలిచి ఉంటుంది. విప్పక తప్పకపోతే పిక్చర్ ట్యూబులు బాగుచేసిన పాతతరం టీవీ మెకానిక్‌ను పిలిపించి, ఆయన చేతనే ఆ పని చేయించండి.