సెల్లార్‌లో పెడతానంటున్నావు, ఆగు అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చూసి మీ అత్త, నేను ఒకటే నవ్వు. నువ్వూ అమ్మాయీ చెరి రెండు బోర్డో (ఫ్రాన్స్ ఎర్ర వైన్) సీసాలు తెచ్చారు, విదేశం నుంచి సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే కాబట్టి మూడోది ఎట్లాగూ కుదరదు, అంతవరకు బాగుంది. కానీ "అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పదేళ్లు దాస్తా మామా" అన్నావు చూడు! మన హన్మకొండలో సెల్లార్ అంటే బండ్లు పెట్టే జాగ. వైన్ వాళ్లు చెప్పే సెల్లార్ వేరు, ఏడాది పొడుగునా 12, 14 డిగ్రీల దగ్గర ఉండే చీకటి నేలమాళిగ అది.

దుబాయ్‌లో ఇన్నేళ్లు హోటల్ వైన్ స్టోర్ చూసుకున్న నేనే ఇంటికొచ్చిన మొదటి ఏడు ఒక మంచి సీసాను సజ్జ మీద పెట్టి మరిచిపోయాను. మే నెల ఎండ 40 దాటింది. వేడికి లోపలి వైన్ ఉబ్బి బిరడాను పైకి నెట్టేసింది, మెడంతా జిగురు. తాగి చూస్తే ఉడికిన కిస్మిస్ రసం. కాబట్టి చిన్న వైన్ కూలర్ కొను, 13 డిగ్రీలు పెట్టి సీసాలను పడుకోబెట్టు, బిరడా తడిగా ఉండాలి. మామూలు ఫ్రిజ్ కొన్ని వారాలకైతే సరే, ఏళ్ల తరబడి పెడితే ఆ పొడి గాలికి బిరడా ఎండిపోతుంది.

ఇక దాస్తే వైన్‌లో వచ్చే మార్పు సంగతి. మామిడికాయ తొక్కు పెట్టిన రోజు కారం, ఆవపిండి, వెల్లుల్లి దేనికదే నాలుక మీద పొడుస్తుంది కదా, కాబెర్నే, మెర్లో అనే ద్రాక్ష రకాలు కలిపిన కొత్త బ్లెండ్ కూడా అంతే. కాబెర్నే పండు చిన్నది, తోలు మందం, అందుకే కరక్కాయ కొరికినట్టు వగరు. మెర్లో మెత్తన, ముందుగా లొంగేది అదే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు పదార్థాలు, రంగు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై, కొన్ని మడ్డిగా అడుగుకు దిగుతాయి. నేరేడు రంగు పోయి గ్లాసు అంచున ఇటుక రంగు కనబడుతుంది. పండ్ల వాసన తగ్గి ఎండుటాకు, చుట్ట పొగాకు, తోలు, వానకు తడిసిన పుట్టగొడుగు వాసనలు పైకొస్తాయి. కొందరికి ఇవి అస్సలు నచ్చవు, అది తప్పేం కాదు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, వగరు దిగుతుంది గానీ పులుపు పెద్దగా దిగదు. ఇప్పుడు పండు రుచి పలచగా ఉండి పులుపే కొడుతుంటే, ఆ సీసాను దాచి లాభం లేదు, ఉన్న పండు కూడా పోతుంది. అసలు చాలా వైన్లు కొన్నేళ్లలో తాగేయడానికి చేసినవే.

నాలుగూ ఒకే రకం కాబట్టి నేనైతే ఒకటి ఇప్పుడే తీస్తాను, రెండోది మూడేళ్లకు, మిగతావి దాన్ని బట్టి. మధ్యలో ఒక్కోసారి వాసనే లేకుండా మూగబోతుంది, టెన్షన్ పడి అన్నీ తీసేయకు. పాతది తీసే ముందు రోజే సీసాను నిలబెట్టి మడ్డి దిగనియ్యి, వంచేటప్పుడు మెడ కింద సెల్‌ఫోన్ లైటు పెట్టు, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయ్.

మొదటి సీసా దసరాకు పట్టుకొనిరా, అత్త తలకాయ కూర వండుతానంటోంది. ఆ కొవ్వుకు కొత్త వైన్ వగరు కాస్త లొంగుతుంది. కూరలో కారం తగ్గించమని మాత్రం నువ్వే చెప్పాలి, నా మాట వినదు.

మీ మామ