నలభై ఐదుకి ఉద్యోగం మానేస్తానన్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ తీరుబడిగా చూసేను. అల్లుడి జీతం నీ జీతం కలిపి నెలకి లక్ష మిగుల్తున్నాదంటే, అది కూడా హైదరాబాద్ లాంటి చోట అద్దె కట్టుకుంటూ, చాలా గర్వంగా అనిపించింది. 45కి మానేస్తానంటే ఇంట్లో అందరూ నిన్ను తిడతారని నాకు రాసేవు, నేను తిట్టను. నేను కూడా 2001లో, దాదాపు అన్ని ప్రభుత్వ బ్యాంకుల్లో వీఆర్ఎస్ అని, ఇష్టపడి ముందే మానేసే స్కీము పెట్టినప్పుడు, 44 ఏళ్ళకే బయటికి వచ్చేసిన వాణ్ణే, ఆ స్కీములో దేశం మొత్తం మీద లక్ష మందికి పైగా అలాగే వచ్చేసేరు. అందుకని ఆ తర్వాత బతుకు ఎలా ఉంటాదో నాకు తెలిసినంత చెప్తాను, షీట్‌లో లేని సంగతి ఎక్కువ చెప్తాను.

ముందు డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. నెలకి 60 వేల ఖర్చు అంటే ఏడాదికి 7 లక్షల 20 వేలు, దానికి 25 రెట్లు ఉంటే ఉద్యోగం లేకుండా బతికేయొచ్చని కోటి 80 లక్షలు వేసేవు. ఈ 25 రెట్ల లెక్క 1994లో బెంగెన్ అనే అమెరికా ఆయన అక్కడి మార్కెట్, అక్కడి ధరలు చూసి, 30 ఏళ్ళ రిటైర్మెంట్‌కి కట్టింది. నువ్వు 45కి మానేస్తే 40 ఏళ్ళు నడవాలి, అదీ మన దేశంలో, ఇక్కడ ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే 12 ఏళ్ళకే ఖర్చు రెట్టింపు అయిపోతుంది. కనీసం 33 రెట్లు పెట్టుకో, అంటే దాదాపు 2 కోట్ల 40 లక్షలు, అదీ ఈరోజు ధరల్లోనే, మానేసే నాటి ఖర్చు పెట్టి మళ్ళీ లెక్క కట్టుకోవాలి. వడ్డీల మీదే బతికేద్దామని అస్సలు అనుకోకు. పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు స్కీము మీద 2000 జనవరి దాకా 12 శాతం వడ్డీ ఇచ్చేవాళ్ళు, తర్వాత 11, నేను మానేసిన ఏడాది మార్చిలో 9.5, 2003 మార్చికి 8 చేసేసేరు, ఇప్పుడు 7.1. నాలాగ వచ్చిన డబ్బంతా డిపాజిట్లలో పెట్టుకున్న వాళ్ళకి నెలనెలా వచ్చేది తగ్గిపోతూ ఉంటే బజార్లో ధరలేమో పెరుగుతూ ఉండేవి. నాకు బ్యాంకు పెన్షన్ ఉంది కాబట్టి గట్టెక్కేం, నీకు అలాంటి పెన్షన్ లేదు. నీ పీఎఫ్ మాత్రం ముట్టుకోకు, పదేళ్ళ సర్వీస్ దాటింది కాబట్టి 58కి చిన్నదో పెద్దదో ఆ పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పెన్షన్ వస్తాది, 50 నుంచే తీసుకోవచ్చు కానీ ముందు తీసుకున్న ఒక్కో ఏడాదికి 4 శాతం కోస్తారు.

హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీది ఉంది కదా అని ఊరుకోకు, ఉద్యోగంతోనే అదీ పోతుంది. సొంత పాలసీ ఇప్పుడే తీసుకో. ముందు నుంచి ఉన్న జబ్బులకి క్లెయిమ్ రావాలంటే ఇప్పుడు గరిష్టంగా మూడేళ్ళు ఆగాలి, ఆ మూడేళ్ళూ ఉద్యోగంలో ఉండగానే గడిచిపోవాలి. మీ నాన్నకి 72 కదా, 70 దాటిన వాళ్ళకి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇక్కడ మన ఒరిస్సాలో కూడా 2025 నుంచి ఇస్తున్నారు, ఆధార్ ఉంటే చాలు, ఆ పని నేను చూసుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ షీట్‌లో వరుసల పక్కన వయసులు రాసి చూసేను, నీది కాదు, మిగతా వాళ్ళవి. నువ్వు 45కి చేరేసరికి బాబుకి 16. ఇప్పుడు ఏడేళ్ళ వాడు, అమ్మా ఇది చూడు అమ్మా అది చూడు అని నీ వెనకాలే తిరుగుతున్నాడు, అప్పుడు ఇంటరూ కోచింగూ, గది తలుపేసుకుని ఉంటాడు. మీ నాన్నకి 81, మీ అమ్మకి 75. మీ అమ్మ మోకాళ్ళు ఇప్పటికే మన బరంపురం దగ్గర గోపాల్‌పూర్ బీచిలో ఇసక మీద నడవనివ్వడం లేదు, మొన్న పోయినప్పుడు రోడ్డు పక్క బెంచీ మీదే కూచుని సముద్రం చూసింది. అంటే నువ్వు ఎవరి కోసం అయితే టైము దాచుకుంటున్నావో వాళ్ళకి ఆ టైము అప్పుడు అంత అక్కర్లేదు, లేకపోతే వాడుకునే ఓపిక ఉండదు. డబ్బయితే వాయిదా వేస్తే పెరుగుతుందమ్మా, చిన్న పిల్లాడితో గడిపే టైము అలా పెరగదు.

నీ షీట్‌లో 'ఊరి ప్రయాణాలు' దగ్గర ఏడాదికి ఒకసారి అని పెట్టి మిగతావి కట్ చేసేవు చూడు, అది నాకు నచ్చలేదు. నెలకి 6 వేలు ఆదా అవుతాదని రాసేవు. సరే, ఆ 6 వేలు తొమ్మిదేళ్ళు 10 శాతం లెక్కన వేస్తే పది లక్షల చిల్లర అవుతుంది. వినడానికి పెద్ద మొత్తమే. కానీ నువ్వు నెలకి లక్ష పొదుపు చేస్తున్నదానివి, ఆఖర్న రెండు కోట్లు దాటిన డబ్బు మీద వచ్చే పెరుగుదల కూడా కలిపితే ఆ పది లక్షలు నాలుగైదు నెలల్లో వచ్చేస్తాయి. నాలుగైదు నెలలు ముందు మానేయడానికి తొమ్మిదేళ్ళ పాటు మీ అమ్మానాన్నల్ని ఏడాదికి ఒక్కసారి చూస్తావా? ఏడాదికి నాలుగు సార్లు రా. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిన్నగా బరంపురంలోనే దిగుతావు, ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే ఓపెన్ అవుతుంది కాబట్టి ఏడాది మొదట్లోనే తారీఖులు క్యాలెండర్లో పెట్టేసుకో, పెట్టుకోకపోతే ఆఫీసు పని వాటిని మింగేస్తుంది. మన ఊరి దేవత ఠాకురాణి అమ్మవారంతటావిడే రెండేళ్ళకోసారి యాత్రలో పుట్టింటికి వచ్చి ఉంటాది, ఊరు ఊరంతా పని మానుకుని చూస్తాది, వచ్చే యాత్రకి బాబుని తీసుకుని వచ్చి పది రోజులైనా ఉండు. పులి వేషాలు వాడు ఈ వయసులో చూడాలి.

ఇంకోటి. 45 అనే అంకెని కొంచెం సడలించు. 48 పెట్టుకో, ఆ మూడేళ్ళకి బదులు ఇప్పుడే కొంత తీసేసుకో. మీ కంపెనీ ఏడాదిలో కొన్ని వారాలు ఎక్కణ్ణుంచైనా పని చేయనిస్తుందన్నావు కదా, ఎండాకాలం సెలవుల్లో ఆ వారాలు ఇక్కడే చెయ్యి, మేడ మీద గదిలో నెట్ బాగానే వస్తాది. పొద్దున్న నువ్వు మీటింగుల్లో ఉంటే వాడు అమ్మమ్మ చేత పఖాళ, అదే ఒరియా వాళ్ళ చద్దన్నం, తినిపించుకుంటాడు, వీధిలో పిల్లలతో ఒరియా నేర్చుకుంటాడు. నీకు మరీ అలసటగా ఉంటే మధ్యలో ఒక ఏడాది బ్రేక్ తీసుకోడానికి కూడా డబ్బు పక్కన పెట్టుకో, ఒక్కసారిగా మొత్తం మానేయడం కంటే అదే మంచిదని నా అభిప్రాయం, ఖాళీగా ఉంటే ఎలా ఉంటాదో ముందే తెలుస్తాది కూడా.

ఎందుకంటే మానేసిన తర్వాత ఏమవుతాదో ఎవరూ చెప్పరు. 44 ఏళ్ళకి ఇంట్లో ఉంటే నీ ఈడు వాళ్ళందరూ ఆఫీసుల్లో ఉంటారు, పగలు మాట్లాడ్డానికి మనిషి దొరకడు. చుట్టాలందరికీ మాత్రం నువ్వే దొరుకుతావు, ఖాళీగానే ఉన్నావు కదా అని ఆస్పత్రికి తోడు, పెళ్ళి పనులు, కోర్టు వాయిదాలు, అన్నీ నీ మీదే వేస్తారు. కొన్ని సంతోషంగా చెయ్యి. మా నాన్నకి బాగోలేనప్పుడు మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో రాత్రుళ్ళు నేనే ఉన్నాను, సెలవు కోసం ఎవర్నీ అడుక్కోకుండా ఉన్నాను, ఉద్యోగం మానేసినందుకు నాకు దక్కిన అన్నిటికంటే పెద్ద లాభం అదే అని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అప్పులు ఇవ్వకు, ఎవరి లోనుకీ ష్యూరిటీ సంతకం పెట్టకు. ఉద్యోగం మానేసిన మనిషి దగ్గర చేతిలో డబ్బుందని ఊరంతా అనుకుంటారు. ఎంత దగ్గరవాళ్ళయినా, ఇచ్చేది వెనక్కి రాకపోయినా పరవాలేదనుకుంటేనే ఇవ్వు.

అల్లుడి సంగతి నువ్వేమీ రాయలేదు. అతనికి పని అంటే ఇష్టం, నాకు తెలుసు. మీ ఇద్దర్లో ఒకళ్ళే మానేసి రెండోవాళ్ళు రాత్రి తొమ్మిదికి ఇంటికి వస్తుంటే నువ్వు ఎదురు చూస్తూ కూచోడమే అవుతాది. ఇద్దరూ కూచుని, ఫోన్లు పక్కన పెట్టి, ఒక మామూలు మంగళవారం పొద్దున్నించి రాత్రి దాకా ఎవరు ఎక్కడ ఉంటారు, ఏం చేస్తారు అని మాట్లాడుకోండి. డబ్బు లెక్క కంటే ఆ మాట ముందు తేలాలి. అతను ఇంకో పదేళ్ళు చేస్తానంటే చెయ్యనీ, సాయంత్రం ఆరుకల్లా ఇంటికి వచ్చే ఉద్యోగం చూసుకోమను, జీతం తగ్గినా మీ షీట్ తట్టుకుంటాది, నేను వేసి చూసేను.

మీ అమ్మకి నేనేమీ చెప్పలేదు. ఫోన్లో చెప్పకు, ఉద్యోగం పోయిందేమో అని కంగారు పడిపోతాది. సంక్రాంతికి వస్తావు కదా, పక్కన కూచుని నువ్వే చెప్పు, 48 అని చెప్పు, వేసవికి బాబుతో వచ్చి ఉంటానన్న మాట ముందు చెప్పు. ఈలోగా షీట్ మార్చి నాకు ఇంకోసారి పంపు, ఇన్సూరెన్స్ కాగితాలు కూడా.

మీ మావయ్య
బరంపురం