కాళ్లలో బలముంది, సైకిల్ మీద అదుపు లేదు

ప్రశ్న: మాది ఆరుగురి అమెచ్యూర్ రోడ్ రేసింగ్ జట్టు. ఈ సీజన్‌లో చేరిన కొత్త కుర్రాడు అంతకుముందు ఇంట్లో ట్రెయినర్ (సైకిల్‌ను ఒకేచోట బిగించి తొక్కే పరికరం) మీదే తొక్కేవాడు. ఇరవై నిమిషాల పరీక్షలో మా అందరికంటే 40 వాట్ల శక్తి ఎక్కువే కొట్టాడు. గుంపులోకి వస్తే మాత్రం పక్కవాళ్లకు భయం. మలుపు కనబడగానే బ్రేకు నొక్కేస్తాడు, ముందుండి గాలిని చీల్చే తన వంతు రాగానే దూకి వరుసను తెంపేస్తాడు. నాలుగు వారాల్లో రేసు ఉంది. అతన్ని ఎలా వాడుకోవాలి? – జట్టు కెప్టెన్

జవాబు: ముందుగా, అతన్ని పక్కన పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఆ 40 వాట్లు సంపాదించాలంటే మీలో చాలామందికి ఏళ్లు పడుతుంది. గుంపులో ఇమిడి తొక్కడం ఒక సీజన్లో వచ్చేస్తుంది. 2020లో జ్విఫ్ట్ అకాడమీ ఇండోర్ పోటీ గెలిచి ప్రొఫెషనల్ జట్టులోకి వెళ్లిన జే వైన్, 2022లో స్పెయిన్‌లో జరిగే మూడు వారాల రేసు వుయెల్టాలో రెండు స్టేజీలు (ఒక్కో రోజు పోటీలు) గెలిచాడు. కానీ నాలుగు వారాల్లో మీవాడికి నేర్పు పూర్తిగా రాదు. అందుకని ఈ రేసు వరకు నేర్పు తక్కువ అవసరమైన చోటే అతన్ని ఉంచండి.

అలాంటి చోటు గుంపు ముందు భాగం. అక్కడ అతని ముందు చక్రం తగలడానికి ఎదురుగా ఎక్కువ వెనక చక్రాలు ఉండవు. రోడ్డు మొత్తం కనబడుతుంది. అన్నిటికంటే చెడ్డచోటు మధ్య. మూడువైపులా మనుషులుంటారు, తప్పు చేస్తే తనతోపాటు ఇంకో నలుగురు పడతారు. మరి చివర? అక్కడ క్షేమమని కొత్తవాళ్లందరూ అనుకుంటారు. నిజానికి మలుపులో ముందున్నవాడు కాస్త నెమ్మదిస్తే, ఆ నెమ్మదింపు ఒక్కొక్కరి దగ్గరా పెరుగుతూ చివరివాడిని దాదాపు ఆపేస్తుంది. మలుపు దాటాక అతను మళ్లీ స్ప్రింటు కొట్టి అందుకోవాలి. ఇలాంటివి ఇరవై మలుపులు ఉంటే ఎంత బలమైనా కరిగిపోతుంది. పైగా గుంపులో అన్నిటికంటే ఎక్కువ బ్రేకులు పడేది చివరే.

ప్రారంభ రేఖ దగ్గరకు పదిహేను నిమిషాలు ముందే పంపి మొదటి వరుసలో నిలబెట్టండి. నిలకడగా తొక్కే ఒకరిని అతనికి కేటాయించండి. రేసంతా ఆ ఒక్క వెనక చక్రాన్నే పట్టుకోవాలి. అనుభవజ్ఞుల్లా జానెడు దూరం అక్కర్లేదు. అర మీటరు నుంచి మీటరు వదిలినా గాలి చాటు చాలావరకు దొరుకుతుంది. అప్పుడప్పుడు ఎవరో ఆ సందులో దూరతారు, దూరనివ్వండి.

ఇక పని చెప్పే తీరు. ‘జాగ్రత్తగా తొక్కు, జట్టుకు సాయపడు’ అంటే అతనికి ఏమీ అర్థం కాదు. ‘బ్రేక్‌అవేకి (గుంపును వదిలి ముందుకు వెళ్లిపోయిన కొద్దిమందికి) నిమిషం గ్యాప్ వచ్చాక రోడ్డు అంచు వెంబడి ముందుకు రా. నేను ఆపమనేదాకా 40 కిలోమీటర్ల వేగం తగ్గనీయకు’ అనండి. అతని గంటసేపటి సామర్థ్యం 300 వాట్లయితే, గుంపు ముందుండి గాలికి ఎదురు తొక్కే ఈ లాగుడు 270 దగ్గర ఉండాలి. 350 దాటి లాగితే పావుగంటలో ఊపిరి అందదు, ఊపిరి అందనివాడు సైకిల్‌ను సరిగ్గా నడపలేడు. అతని మలుపుల గొడవలో సగం ఇలా అలిసిపోవడం వల్లేనని మా అనుమానం. అందుకే అతని పని చివరి మూడు కిలోమీటర్ల లోపలికి రాకముందే ముగించండి. పని అయ్యాక ఒక అంచుకు జరిగి నెమ్మదిగా వెనక్కి జారాలి, గుంపు మధ్యలో పెడలింగ్ ఆపకూడదు.

మరో మంచి ఉపయోగం: నలుగురైదుగురి బ్రేక్‌అవేలోకి పంపడం. అక్కడ చోటు ఎక్కువ, తోపులాట ఉండదు. కాకపోతే వంతుకు 20–30 సెకన్లు చాలని ముందే చెప్పాలి. రెండు నిమిషాలు లాగేవాడిని మిగతావాళ్లు ఉచితంగా వాడుకుని చివర్లో వదిలేస్తారు.

వంతు రాగానే వరుస తెగడానికి కారణం పొగరు కాదు. ట్రెయినర్ మీద గాలి ఉండదు, అంతే. 40 వేగంలో వెనక ఉన్నప్పుడు అతను 200 వాట్లతో నడుస్తున్నాడనుకోండి. ముందువాడు తప్పుకోగానే అదే వేగం నిలపడానికే 290 దాకా కావాలి. ముఖానికి గాలి కొట్టగానే కంగారుపడి 400 పెడతాడు, వేగం 44 అవుతుంది, వెనకవాళ్లు తెగిపోతారు. వైద్యం సులువు: వంతు మొదటి పది సెకన్లు తెరమీద వాట్లు చూడొద్దు, వేగం అంకె మారకుండా చూసుకోమనండి. ఎత్తు ఎక్కేటప్పుడు దీనికి తలకిందులు: వాట్లు నిలకడగా ఉంచి వేగాన్ని పడనివ్వాలి. తప్పుకునేటప్పుడు మోచేయి ఆడించి, అర మీటరు పక్కకు జరిగి, ఆ తర్వాతే ఒత్తిడి తగ్గించాలి. వరుసలోంచి బయటికి రాకముందే పెడలింగ్ ఆపితే వెనకవాడు గుద్దుతాడు. చివరివాడి ముందు చక్రం తన పెడల్ పక్కకు రాగానే మళ్లీ ఒత్తిడి పెంచాలి. ఇది ఆలస్యమైతే వరుస చివర ప్రతిసారీ గ్యాప్ పడుతుంది.

ప్రశ్న: బలం విషయంలో నాకు లోటు లేదు. పక్కవాడి భుజం తగిలితే మాత్రం చేతులు బిగుసుకుపోతాయి. రోడ్డుమీద ఎంత తొక్కినా ఈ భయం పోవడం లేదు.

జవాబు: రోడ్డుమీద పోదు. అక్కడ తప్పుకు శిక్ష పెద్దది కాబట్టి శరీరం నేర్చుకోదు, దాక్కుంటుంది. మెత్తటి గడ్డి మైదానం చూసుకోండి. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు, నడక కంటే కాస్త ఎక్కువ వేగం. టైర్లలో గాలి కొంచెం తగ్గించండి, మామూలు బూట్లు, ఫ్లాట్ పెడల్స్ వాడండి. గ్లవ్స్, హెల్మెట్ తప్పనిసరి.

మొదటి రెండుసార్లు ఇద్దరూ పక్కపక్కనే తొక్కుతూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేయడం, తర్వాత మోచేతులు ఆనించి పొడవునా వెళ్లడం. మోచేతులు వంగి ఉండాలి. నిటారు చేతులుంటే భుజానికి తగిలిన తోపు నేరుగా హ్యాండిల్‌కు పోతుంది, వంగిన మోచేయి దాన్ని మింగేస్తుంది. భయం కాస్త తగ్గాక అసలు పాఠం. ముందున్నవాడి వెనక చక్రానికి మీ ముందు చక్రాన్ని పక్కనుంచి మెల్లగా తాకించండి. తగలగానే హ్యాండిల్‌ను అటునుంచి లాగేయాలనిపిస్తుంది. అలా లాగితే సైకిల్ ఒకవైపు, శరీరం రెండోవైపు పోయి తగిలిన వైపే పడతారు. బదులుగా, తగిలినవైపే కొద్దిగా ఒరిగి, పెడల్ ఒత్తిడి తగ్గించి, చక్రాన్ని వెనక్కి జారనివ్వాలి. ఇలా తాకినప్పుడు పడేది దాదాపు ఎప్పుడూ వెనకవాడే. అందుకే రోడ్డుమీద చక్రాలు ఒకదాని పక్కన ఒకటి చేరనివ్వకపోవడమే మొదటి రక్షణ.

కళ్లు ఎక్కడుంచుతున్నారో కూడా గమనించుకోండి. ముందు చక్రాన్నే చూస్తుంటే ప్రతి చిన్న కదలికకూ బ్రేకు పడుతుంది. ముందువాడి నడుము పైనుంచి, ఇద్దరు ముగ్గురిని దాటి చూడండి. వేగం తగ్గాలంటే బ్రేకు కంటే ముందు ఇంకో రెండు దారులున్నాయి: వెన్ను నిటారుగా లేపి ఒంటికి ఎదురుగాలి తగలనివ్వడం, లేదా ఒక చేతి మందం పక్కకు జరగడం.

సీటు మీంచి లేచేటప్పుడు సైకిల్ వెనక్కి జారుతుంది, వెనకవాడికి అది బ్రేకు లాంటిదే. లేచే ముందు ఒక గేరు బరువు చేసుకుని, పెడల్ కిందికి పోయే క్షణంలో ఒత్తిడి పెంచుతూ లేవండి.

ప్రశ్న: మలుపుల్లో మా బలమైన సహచరుడు ప్రతిసారీ వెనకబడతాడు. టైర్లు మార్చాలా?

జవాబు: మొదట టైర్లలో గాలి చూడండి. 70 కిలోల మనిషి, 28 మిల్లీమీటర్ల టైరుకు 70 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి, తడి రోడ్డుకు ఇంకో ఐదు తగ్గించండి. 110 కొట్టిన టైరు గరుకు రోడ్డుమీద ఎగురుతుంది, పట్టు పోతుంది. మిగతాదంతా అలవాటే. చేతులు డ్రాప్స్‌లో (హ్యాండిల్ కింది వంపుల్లో), బ్రేకు మలుపుకు ముందే పూర్తి, బయటివైపు పెడల్ కిందికి, బరువు దానిమీద, లోపలి చేత్తో హ్యాండిల్‌ను మెల్లగా కిందికి నొక్కడం, చూపు బయటికి వెళ్లే చోట. ఒరిగి ఉండగా బ్రేకు గట్టిగా పడితే టైరుకు ఉన్న పట్టంతా ఆపడానికే పోయి, తిరగడానికి మిగలదు. ఖాళీ స్థలంలో ఒకే మలుపును ఒక్కో వైపు పదేసిసార్లు, ఒక్కొక్కసారీ వేగం కాస్త పెంచుతూ చేయించండి.

ప్రశ్న: అందరికంటే బలమైనవాడికే చివరి స్ప్రింట్ ఇస్తే తప్పా?

జవాబు: ఇప్పటికి తప్పే. స్ప్రింటులో ఎంచుకున్న దారి వదిలి పక్కవాళ్లకు ప్రమాదం తెచ్చేలా జరగడాన్ని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధనలు నిషేధిస్తాయి. పూర్తి బలంతో లేచినప్పుడు నేరుగా పోవడమే కొత్తవాడికి అన్నిటికంటే కష్టం. చివరి మూడు కిలోమీటర్లు మిగిలేదాకా లాగించండి, ఎటు తప్పుకోవాలో ముందే చెప్పి ఉంచండి. గాలి ఎడమనుంచి వస్తుంటే ఎడమకే తప్పుకోవాలి. అప్పుడు మీవాళ్లు అతని కుడిపక్కన గాలి చాటులో ఉండి, అడ్డం లేకుండా ముందుకు పోతారు.