ఎంఎస్సీకి యూనివర్సిటీ ల్యాబ్‌లో ఏం చూసి చేరాలి?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. మా అమ్మాయి విజయవాడలో బీఎస్సీ కెమిస్ట్రీ మూడో సంవత్సరం చదువుతోంది. ఎంఎస్సీ చేసి రీసెర్చ్‌కి వెళ్తానంటోంది. రెండు యూనివర్సిటీల వాళ్లు తమ దగ్గర ప్రత్యేక పరిశోధన ల్యాబ్‌లు ఉన్నాయని బ్రోషర్లు ఇచ్చారు. ఏది నమ్మాలి? ఈ దారిలో పంపితే ఎప్పటికి సెటిలవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: బ్రోషర్లు పక్కన పెట్టి, అమ్మాయిని వెంటబెట్టుకుని రెండు చోట్లకీ వెళ్లి రండి. క్లాసులు జరిగే రోజు మధ్యాహ్నం పూట వెళ్లండి. ల్యాబ్‌లో ఆ సమయానికి పిల్లలు పనిచేస్తూ కనిపించాలి. తాళం తీయించి చూపించే ల్యాబ్ అయితే అక్కడే అనుమానించండి.

ఖరీదైన ప్రతి మిషన్ పక్కనా ఒక లాగ్ బుక్ ఉంటుంది. ఏ తేదీన ఎవరు వాడారు, ఏ శాంపిల్, ఎంతసేపు అన్నీ అందులో రాస్తారు. శాంపిల్‌లోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్ లాగ్ బుక్ ఒకసారి చూపించమని మర్యాదగా అడగండి. పోయిన నెల పేజీల్లో ఎంఎస్సీ విద్యార్థుల పేర్లు కనిపిస్తే మంచి చోటు. చివరి ఎంట్రీ ఏడాది కిందటిదైతే ఆ మిషన్ అలంకారానికే ఉన్నట్టు. మిషన్ కొనడానికి గ్రాంటు వచ్చినా, పదార్థాలను విడదీసే గొట్టాలైన కాలమ్‌లకీ, ద్రావకాలైన సాల్వెంట్లకీ, సర్వీస్ కాంట్రాక్టుకీ డబ్బు లేక మూలపడ్డ ల్యాబ్‌లు తక్కువేం కాదు.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటారా? మీకు తెలిసిన సరుకుతోనే చెప్తాను. ఎండుమిర్చి యూరప్ వెళ్లాలంటే కిలోకి అఫ్లటాక్సిన్ బీ1 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. సరిగా ఆరని కాయకి పట్టే బూజు నుంచి వచ్చే విషం అది. కారాన్ని మిథనాల్, నీళ్ల మిశ్రమంలో బాగా కలిపి, వడగట్టి, ఆ విషాన్ని మాత్రమే పట్టుకునే చిన్న కాలమ్ గుండా పంపిస్తారు. అందులో చిక్కినదాన్ని విడదీసి హెచ్‌పీఎల్‌సీకి ఎక్కిస్తే, తెర మీద ఒక్కో పదార్థం ఒక్కో పీక్‌గా లేస్తుంది. రెండు పీక్‌లు కలిసిపోయి వచ్చాయనుకోండి, తప్పు సాల్వెంట్ పాళ్లలో ఉందా, మిషన్‌లోని కాలమ్ పాతబడిందా, వడగట్టడంలో ఉందా అన్నది కనిపెట్టాలి. పుస్తకం ఎంత చదివినా ఇది రాదు, పదిసార్లు చేత్తో చేస్తేనే వస్తుంది. ఎగుమతి సరుకును పరీక్షించే స్పైసెస్ బోర్డు ల్యాబ్ మన గుంటూరులోనే ఉంది, మిర్చి మీద పరిశోధన చేసే లాం ఫారం పక్కనే ఉంది. ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో కూడా ఇదే మిషన్ మీద పని. అందుకే పీహెచ్‌డీకి వెళ్లకపోయినా ఈ నేర్పు వృథా కాదు.

ల్యాబ్‌లో ఉన్న పీహెచ్‌డీ విద్యార్థులతో అమ్మాయిని విడిగా మాట్లాడనివ్వండి. కెమికల్స్ అడిగితే ఎన్నాళ్లకి వస్తాయి, గైడ్ వారానికి ఒకసారైనా కూర్చుని చర్చిస్తారా, ఎంఎస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఎక్కడ చేస్తారు అని అడగమనండి. బయట డబ్బు కట్టి ప్రాజెక్టు చేయించుకోవడం అలవాటైన చోటికి మాత్రం పంపకండి, ఎంత పెద్ద బిల్డింగ్ ఉన్నా సరే.

ఇక మీ టెన్షన్ సంగతి. ఎంఎస్సీ 2 ఏళ్లు, ఆపైన పీహెచ్‌డీ సుమారు 5 ఏళ్లు. మీకు భారం కాకూడదంటే ఎంఎస్సీ రెండో ఏడాదిలోనే, పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్ రాయించండి. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం మొదటి 2 ఏళ్లు నెలకి 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఫెలోషిప్ లేకుండా సొంత డబ్బుతో పీహెచ్‌డీ చేయించమని నేనైతే చెప్పను.

ఆ రెండు యూనివర్సిటీల దగ్గరే ఆగిపోకండి. ఐఐటీల్లో ఎంఎస్సీకి ఫిబ్రవరిలో జామ్ పరీక్ష ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, నాగార్జున యూనివర్సిటీకి ఏపీ పీజీసెట్ రాయాలి. మూడింటికీ సిలబస్ చాలావరకు డిగ్రీలో చదివిందే. జామ్ దరఖాస్తులు మాత్రం పరీక్షకి నెలల ముందే ముగుస్తాయి కాబట్టి తేదీలు అమ్మాయిని ఇవాళే చూసుకోమనండి.